వరమ్మ ఉప్పు వెయ్యని చారు

వరమ్మ చేతి కొర్రమీను చారు తాగినవాళ్ళు మా పేటలో ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. అడిగితే దాని ఘాటు గురించి చెబుతారు. ముక్కు కారడం, చెవులు వెచ్చబడడం, మర్నాటికల్లా జ్వరం వదిలిపోవడం, అన్నీ చెబుతారు. ఉప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆ ఏడాది వరదలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏం చూసి ఏం చూడలేదన్నారో కూడా చెప్పాల్సి వస్తుంది. సిగ్గుపడాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను గనక నేనే మొదలుపెడతాను.

నా పేరు ప్రభావతి. మిషను బడి పంతులు క్రీస్తుదాసుగారి భార్యని. ఆయనకి కోపం రాదు. ఇంటికి ఒక్కరికైనా ఉండాలి కదా అని ఆయన వంతు కూడా నేనే పడుతూ వచ్చాను. వరమ్మ వాళ్ళది మా పక్కిల్లు. మధ్యలో ఒక తాటాకు తడిక, అందులో పిల్లి పట్టేంత కంత. ఆ కంతలోంచి మేము నిప్పూ, కరివేపాకూ, కబుర్లూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం.

మాది కొల్లేటి అంచున ఉన్న పేట. ఏలూరు వెళ్ళాలంటే పడవ మీద ఒక పూట పట్టేది. అరవై గడపలు, అందరూ మిషనులో కలిసినవాళ్ళే, అందరూ సుబ్బరాజుగారి చేలల్లో పనిచేసేవాళ్ళే. వరమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర పెంటపాడు. వాళ్ళమ్మ మంత్రసాని. బాలింతలకీ, దెబ్బలు తగిలినవాళ్ళకీ కాచిపోసే చారు ఆ తల్లి దగ్గర నేర్చుకుని, పద్దెనిమిదో ఏట అహరోనుకి పెళ్ళామై మా పేటకి వచ్చింది. వచ్చిన నెలలోనే చారుకి పేరు తెచ్చుకుంది. నాకు కాస్త కడుపుమంటగా ఉండేది, ఎందుకంటే అప్పటిదాకా పేటలో మంచి చారు నాదే అనుకునేదాన్ని.

ఆమె కాచే పద్ధతి వేరు. కొర్రమీను ప్రాణంతో ఉండాలి. చచ్చింది తెస్తే మొహం మీదే తిరగ్గొట్టేది. దాన్ని రాతి మీద ఒక్క దెబ్బ వేసి, బూడిద పూసి, జిగురు పోయేదాకా రుద్దేది. మిరియాలు, జీలకర్ర, ధనియాలు, శొంఠి కొమ్ము దోరగా వేయించి, పొట్టు తియ్యని వెల్లుల్లితో కలిపి బండ మీద నూరేది. తలా, ముల్లూ పసుపు నీళ్ళలో ఉడికాక ఆ ముద్ద కలిపి మూడు పొంగులు రానిచ్చేది. చింతపండు తగిలీ తగలనట్టు. కుండ పొయ్యి మీంచి దించాక, ఆఖరున ఉప్పు. గుప్పిట్లోంచి ఉప్పు జారేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేదీ కాదు.

ఉప్పు దగ్గర అంత భయం ఎందుకంటే మా పేటలో ఒక కట్టుబాటు ఉంది. అయినవాళ్ళ మధ్య నెత్తురు పడితే కోర్టుకి పోరు. నష్టపోయిన ఇంటివాళ్ళు తమ పొయ్యి మీద వండింది, తమ ఉప్పు వేసింది, తప్పు చేసినవాడికి పెట్టాలి. వాడు తినాలి. దాన్నే ఉప్పు కలవడం అంటారు. కలిసిందంటే ఆ గొడవ చచ్చిపోయినట్టే. తర్వాత నూతి దగ్గర కూడా దాని మాట ఎత్తకూడదు. మంచి కట్టుబాటే అని మా ఆయన అనేవారు. ఎవరు ఎవరికి ఎప్పుడు వండిపెట్టాలో చెప్పేది ఎప్పుడూ బలమున్నవాళ్ళే కదండీ అని నేను అనేదాన్ని. నవ్వి ఊరుకునేవారు.

అహరోనుకి ఒక అన్న, సీమోను. పెళ్ళాం పోయి ఒంటరివాడు. పన్నెండేళ్ళుగా సుబ్బరాజుగారి దగ్గర పెద్దపాలేరు. రాత్రిళ్ళు కూడా ఆయన పశువుల పాకలోనే పడుకునేవాడు. మనిషి పొడుగరి, మాట తక్కువ. తల్లి సలోమి చిన్నకొడుకు దగ్గర ఉండేది. ఆదివారం గుడి అయ్యాక సీమోను తల్లి దగ్గరికొచ్చి, మరదలు పెట్టిన చారన్నం తిని, "బాగుందమ్మా" అని తల్లితో చెప్పి వెళ్ళేవాడు. మరదలితో సూటిగా మాట్లాడేవాడు కాదు, అది మర్యాద.

1931లో ఆశ్వయుజం వెళ్ళకుండానే వాన పట్టుకుంది. నాలుగు రోజులు ఆగలేదు. ఏరులు పొంగి నీళ్ళు మా పేట వెనక చేరాయి. అవి కొల్లేటిలోకి పోవాలంటే మధ్యలో సుబ్బరాజుగారి గట్టు అడ్డం. గట్టుకి అవతల ఆయన వరి పొట్ట మీద ఉంది, ఇవతల మేము మోకాళ్ళ లోతులో ఉన్నాం. మూడో రోజు మా ఆయనా, అహరోనూ వెళ్ళి రెండు బారల మేర గట్టు తెగ్గొట్టనివ్వమని బతిమాలారు. ఆయన వసారాలో కూర్చుని వక్కపొడి నములుతూ, "గట్టు ముట్టుకున్న చెయ్యి గట్టు మీదే ఉంటుంది" అన్నాడట.

ఐదో రోజు పొద్దున్న సలోమి మంచం తేలింది. అహరోను పార తీసుకుని బయటికి వచ్చాడు. అతని వెనక ఇరవైమంది. గట్టు మీద తుంగ కొయ్యడానికి వరమ్మ కొడవలి తీసుకుని వాళ్ళతో వెళ్ళింది. పిల్లలున్న ఆడవాళ్ళందరం బడి అరుగెక్కాం. అక్కణ్ణించి గట్టు వంద గజాలు. వాన కాస్త పలచబడింది. నాకు అంతా కనబడింది. ఈ మాట పైకి అనడానికి నాకు అప్పట్లో తొమ్మిది రోజులు పట్టింది.

గట్టు మీద సీమోనూ, మరో ఆరుగురూ కర్రలతో, పారలతో నిలబడి ఉన్నారు. అన్నదమ్ములేం మాట్లాడుకున్నారో వరమ్మ తర్వాత చెప్పింది.

"తమ్ముడా, దిగిపో."

"అమ్మ మంచం మీదకి నీళ్ళొచ్చేశాయన్నయ్యా. పక్కకి జరుగు."

"జరగలేన్రా."

"అయితే నిలబడు." అని అహరోను వంగి పార దింపాడు. మొదటి పెళ్ళ లేచింది. రెండోసారి వంగినప్పుడు సీమోను తన పార అడ్డంగా తిప్పి మెడ మీద కొట్టాడు. కర్రతో కొట్టినా సరిపోయేది. భుజం మీద కొట్టినా సరిపోయేది. ఈ రెండు మాటలూ నేను ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. అహరోను అరవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పట్టుకుని, వేళ్ళ మధ్య నించి నెత్తురు చిమ్ముతుంటే అన్న వంక చూసి పక్కకి ఒరిగాడు.

వరమ్మ మధ్యలో ఉన్న ఇద్దర్ని తోసుకుని వెళ్ళి కొడవలితో సీమోను తొడ మీద లాగింది. ఎముక తగిలేదాకా లాగింది. రెండోసారి ఎత్తేసరికి ఎవడో కర్రతో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. ఆపైన అందరూ కలబడ్డారు. తలలు పగిలాయి. దేవరాజు అనే పెద్దాయనకి కన్ను పోయింది. అంతమంది కింద నానిన గట్టు తనంతట తానే జారిపోయింది. ఒక మనిషి ప్రాణం ఖరీదు కట్టి ఆపిన నీళ్ళు పావుగంటలో కొల్లేటిలోకి పోయాయి. వాటితోపాటు అహరోనూ కొట్టుకుపోయాడు. మధ్యాహ్నానికి తుంగలో చిక్కుకుని దొరికాడు.

పొద్దు వాలకముందే పూడ్చిపెట్టాం. గోతిలో సగం నీళ్ళే. చాపలో చుట్టిన మనిషిని దింపితే పైకి తేలుతున్నాడు. నలుగురు కర్రలతో అదిమిపట్టారు, మట్టి పోశారు. ఆ కర్రలు అతని రొమ్ము మీద పెట్టి నొక్కడం వరమ్మ దగ్గర నిలబడి చూసింది. గోతిలో ఉప్పు పొయ్యడం మాలో ఆచారం. ఆ రోజు పేట మొత్తంలో గుప్పెడు ఉప్పు పొడిగా లేదు, అన్ని ఇళ్ళలోనూ కరిగిపోయింది. ఉప్పు లేకుండానే పూడ్చాం.

మేము తిరిగి వచ్చేసరికి సలోమి ఇంటి వసారాలో సీమోను ఉన్నాడు. సుబ్బరాజుగారి మనుషులు తడిక మీద మోసుకొచ్చి పడేసి వెళ్ళారు. తొడ తెరుచుకుని ఉంది, మీద కట్టిన గుడ్డ నల్లబడింది. పక్కన ఒక గోనెసంచి. విప్పి చూస్తే ఉప్పు, తెల్లగా, పొడిగా. తమ్ముణ్ణి పూడ్చడానికి దొరకని ఉప్పు అన్నకి వండిపెట్టడానికి బస్తాలో వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సీమోను కోర్టుకెక్కితే ఎవరి గట్టు, ఎవరు కొట్టమన్నారు అని అక్కడ అడుగుతారు. అందుకే సుబ్బరాజుగారు మా కట్టుబాటుని మా కన్నా ముందు గుర్తుపెట్టుకున్నాడు. వరమ్మ ఆ సంచీ వంక చూసింది. విరగని చేత్తో దాన్ని ఈడ్చుకెళ్ళి చూరు కింద, వాన ధార పడేచోట నిలబెట్టింది. రెండు రోజుల్లో ఖాళీ గోనె మిగిలింది.

సీమోనుని మాత్రం ఈడ్చిపారెయ్యలేకపోయింది. ఇల్లు సలోమిది. సలోమి కోడలి కాళ్ళ దగ్గర బురదలో కూర్చుంది.

"ఒకడు పోయాడే వరమ్మా. రెండోవాణ్ణి కూడా నా చేత పూడ్పించకే తల్లీ."

"పూడ్చిన చేతులు ఇంకా కడుక్కోలేదత్తా నేను."

"వాణ్ణీ నేనే కన్నాను. ఏం చెయ్యమంటావే నన్ను?"

వరమ్మ లోపలికి వెళ్ళింది. ఇంటి మూల బానలో కొర్రమీనులు ఉన్నాయి. వాన మొదలైన రోజు అహరోను పట్టి తెచ్చినవి, ఏడు. పెళ్ళానికి జలుబు చేసిందని, తనే దగ్గరుండి చారు కాయించి తాగిస్తానని తెచ్చాడు. కొర్రమీనుకి చావు అంత తొందరగా రాదు. పట్టినవాడు పోయినా అవి బానలో తిరుగుతూనే ఉన్నాయి. ఆమె ఎడం చెయ్యి లోపలికి పెట్టి ఒకదాన్ని పట్టుకుని బయటికొచ్చి రాతి మీద కొట్టింది. ఒక్క దెబ్బకే చచ్చిపోయింది. అయినా ఆమె కొడుతూనే ఉంది. తల లేకుండా పోయేదాకా కొట్టి, ఆ తర్వాత బూడిద అడిగింది.

విరిగిన చేతికి నేను వెదురు బద్దలు కట్టాను. నూరడం నా వంతు, కాయడం ఆమె వంతు. తాను కోసిన కోతని తానే వేడినీళ్ళతో కడిగి, పసుపు ముద్ద పెట్టేది. సీమోను పళ్ళు కరుచుకుని పైకప్పు చూసేవాడు. ఆమె మెల్లగా కడిగేది కాదు, అలాగని కావాలని నొప్పించేదీ కాదు. చారు గిన్నెలో పోసి అతని పక్కన పెట్టేది. తలెత్తి తాగించేది సలోమి.

దెబ్బకి మొదటి మూడు రోజులూ చప్పిడి పథ్యం మామూలే. ఎవరూ ఏమీ అనుకోలేదు. నాలుగో రోజు తడిక కంతలోంచి ఆమె నాకు ఒక గరిటెడు చారు ఇచ్చింది, కారం సరిపోయిందో లేదో చూడమని. మిరియం గొంతు దాకా మండింది, దాని వెనక ఏమీ లేదు. అంత చప్పటి రుచి నేను ఎప్పుడూ ఎరగను.

"ఉప్పు మర్చిపోయావే" అన్నాను.

"మర్చిపోలేదండి."

"నాలుగో రోజు కదా."

"నలభయ్యో రోజైనా అంతేనండి. బావగారు బతకాలి. బతికి ఏలూరు కోర్టులో నిలబడాలి. నా ఉప్పు లోపలికి పోతే నా నోరు పోతుందండి." అని గరిటె వెనక్కి తీసుకుంది. "మీరు ఎవరితోనూ అనకండి అమ్మగారూ."

నేను అనలేదు. చూసింది అనకుండా ఉండడం నాకప్పటికే అలవాటైంది. బడి ఉన్న స్థలం సుబ్బరాజుగారిదని మా ఆయన ఒకటికి రెండుసార్లు గుర్తు చేశారు. ఇలాంటి గుర్తులు మాత్రం ఆయనకి బాగానే ఉంటాయి.

ఆరో రోజు మధ్యాహ్నం సలోమి మా ఇంటికొచ్చి చిటికెడు ఉప్పు అడిగింది. అప్పటికి ఏలూరు నించి పడవలో ఉప్పు వచ్చింది. ఎందుకో నాకు తెలుసు. అయినా ఇచ్చాను. అది కూడా నా తప్పుల్లో రాసుకున్నాను. వరమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు ముసలిది కొంగు ముడి విప్పి కొడుకు గిన్నె మీదకి చెయ్యి చాపింది. నేను కంతలోంచి చూస్తూనే ఉన్నాను. సీమోను తన అరచెయ్యి గిన్నె మీద బోర్లించాడు.

"వద్దమ్మా."

"ఒక్క చిటికెడురా. నీ మెడకి తాడు తప్పుతుంది."

"వద్దన్నానా." అని, వేడి గిన్నె మీద చెయ్యి అలాగే ఉంచాడు. చెయ్యి తీసినప్పుడు అరచేతి చర్మం ఎర్రగా వాచి ఉంది. తర్వాత చారు మొత్తం తాగాడు.

ఏడో రోజుకి బానలో చేపలు అయిపోయాయి. ఎనిమిదో రోజు సీమోను కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. తొమ్మిదో రోజు సుబ్బరాజుగారు బడి అరుగు మీదకి పేటనంతా పిలిపించాడు. మర్నాడు పోలీసు ఇన్‌స్పెక్టరు పడవలో వస్తాడని, అందరూ ఒకే మాట చెప్పాలని. అహరోను గట్టు మీద జారి, తన పార మీద తానే పడ్డాడు. అదీ మాట. ఆయన మనుషులు పదిమంది చుట్టూ కర్రలతో నిలబడ్డారు.

"చచ్చినవాడి పెళ్ళామే వారం రోజులు వండిపెట్టింది. ఉప్పు కలిసింది. మీ కట్టుబాటు మీరే తప్పుతారా?" అన్నాడు.

"ఉప్పు వెయ్యలేదండి" అంది వరమ్మ.

 సుబ్బరాజుగారికి మొదట అర్థం కాలేదు.

"ఏం వెయ్యలేదే?"

"ఏడు చేపలు కాచానండి. ఏడింటిలోనూ వెయ్యలేదండి. బావగారు నా ఉప్పు తినలేదు. మా ఆయన్ని చంపింది నేను చూశానండి, అదే చెబుతాను."

దగ్గరున్నవాడు కర్ర మొనతో ఆమె పొట్టలో పొడిచాడు. ఆమె వంగిపోయి, మళ్ళీ నిలబడింది. సలోమి ముందుకొచ్చి మా ఆయన చేతిలోని బైబిలు మీద రెండు చేతులూ పెట్టింది. "వేసింది బాబూ. నేను రుచి చూశాను. వేసింది" అంది.  మా ఆయన బైబిలు వెనక్కి లాక్కోనూ లేదు, ముందుకి చాపనూ లేదు.

అప్పుడు సీమోను మాట్లాడాడు. పన్నెండేళ్ళలో నలుగురి ముందూ అతను మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

"రాజుగారండి, తమ ఉప్పు పన్నెండేళ్ళు తిన్నాను. అందుకే కొట్టాను. వరమ్మ ఉప్పు తిన్లేదండి. మొదటిరోజే నాకు తెలుసు ఎందుకు వెయ్యలేదో. తెలిసే తాగాను." తర్వాత తల్లి వైపు తిరిగి, "చేతులు తియ్యి అమ్మా" అన్నాడు.

సుబ్బరాజుగారు లేచి సీమోను కర్ర తన్నేశాడు. అతను అరుగు మీంచి కింద పడితే గాయం విచ్చుకుని మళ్ళీ నెత్తురు కారింది. ఆయన వరమ్మ వైపు తిరిగి, "వాడి తొడ కోసింది నువ్వు. వాడితోపాటు నువ్వూ జైలుకి పోతావే" అన్నాడు.

"పోతానండి" అంది.

అప్పటికి నాకు నోరొచ్చింది. ఇన్నాళ్ళ కోపం ఎక్కడ దాక్కుందో తెలియదు గాని, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నేనూ చూశానండి. ఈ అరుగు మీదే నిలబడి చూశాను" అన్నాను. మా ఆయన నా వంక చూశారు. ఇంటికెళ్ళాక తిడతారనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా బడి పుస్తకాలు మూటలు కట్టడం మొదలుపెట్టారు. మంచిపనే అయింది. రోడ్లు ఆరిన నెలలోనే ఒక పగలు బడి కప్పు తగలబడిపోయింది. అరుగు మీద పిల్లలు లేని గంట చూసి అంటించారు, ఆ మాత్రం దయ ఉంది.

ఏలూరు సెషన్సు కోర్టులో అడిగినవి అడిగారు, చెప్పినవి చెప్పాం. సుబ్బరాజుగారి పేరు సీమోను నోట రాలేదు. ఎన్నిసార్లు అడిగినా, "నా చెయ్యే కొట్టిందండి" అన్నాడు. అతనికి ఏడేళ్ళు వేశారు. వరమ్మకి మూడు నెలలు వేశారు. సీమోను బోనులోంచి దిగేటప్పుడు మరదలి వైపు చూసి తల వంచాడు. ఆమె తల తిప్పుకుంది. ఆ మూడు నెలలూ సలోమి మా ఇంట్లో ఉంది. కోడల్ని తిట్టని పూట లేదు. కోడలు తిరిగొచ్చిన రోజు తలుపు తీసి, చెంప మీద ఒకటి కొట్టి, తర్వాత పట్టుకుని ఏడ్చి, లోపలికి తీసుకెళ్ళింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద బతికారు. వేరే దారి ఉండి కాదు.

ఏళ్ళు గడిచాయి. వరమ్మ పేటలో ప్రతి బాలింతకీ, ప్రతి దెబ్బకీ చారు కాచింది. ఎవరి గిన్నెకి వాళ్ళనే ఉప్పు వేసుకోమనేది. ఎందుకని ఎవరూ అడగలేదు.

1938లో, ఆరున్నరేళ్ళకి సీమోనుని జైలు నించి వదిలారు. పొడుగు మనిషి సగమై, దగ్గుకుంటూ పేటకొచ్చాడు. సుబ్బరాజుగారు గేటు దగ్గరనించే పంపేశాడు. సలోమికి అప్పటికి చూపు పోయింది. గుమ్మంలో దగ్గు విని, "సీమోనా?" అంది. వరమ్మ పొయ్యి దగ్గరనించి లేవలేదు. కాసేపటికి పీట తెచ్చి వసారాలో వేసింది. ఆ పూట నించి ఆ దగ్గుకి రోజూ చారు కాచిపోసింది. అత్తగారి గిన్నెలో తనే ఉప్పు వేసి ఇచ్చేది. అతనికి చప్పిడి గిన్నె ఇచ్చేది. వేసుకోమని ఉప్పు పిడత అతని ముందు పెట్టేది కాదు, అతను అడిగేవాడూ కాదు.

నేను ఊరుకోలేకపోయాను. "ఆరేళ్ళు జైల్లో మగ్గాడు కదే. ఇంకా ఎన్నాళ్ళు?" అని తిట్టాను.

"బావగారి శిక్ష అయిపోయిందండి. మా ఆయన శిక్ష ఇంకా అవలేదు కదండీ" అంది. నేను ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

మరుసటేడు వానలకి సీమోనుకి నెత్తురు పడడం మొదలైంది. దగ్గితే గుడ్డ నిండేది. ఒక సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. వరమ్మ చారు తెచ్చి పక్కన పెట్టింది. అతను గిన్నె వంక చూస్తూ, "వరమ్మా, కొంచెం ఉప్పు వెయ్యి" అన్నాడు. అన్నేళ్ళలో ఆమెని పేరు పెట్టి సూటిగా అడగడం అదే.

ఆమె లోపలికి వెళ్ళింది. పిడత తీసుకుని వచ్చింది. చెయ్యి లోపల పెట్టింది. గుప్పిట మూసిందని నాకు తెలుసు, మణికట్టు దగ్గర ఆ విరిగి అతికిన ఎముక పైకి లేచింది. చెయ్యి బయటికి రాలేదు. అలా నిలబడే ఉంది.  చారు మీద ఆవిరి తగ్గి, నూనె పేరుకుని, చల్లారిపోయింది. సలోమి కళ్ళు లేకపోయినా అటే మొహం పెట్టి కూర్చుంది. నాకైతే ఆ చెయ్యి పట్టుకుని నేనే బయటికి లాగాలనిపించింది. లాగలేదు. నా భర్తని గోతిలో కర్రలతో అదిమిపెట్టలేదు ఎవరూ.

"పోనీలే" అన్నాడు సీమోను. చల్లారిన చారు చప్పగానే తాగాడు.

మర్నాడు మధ్యాహ్నం పోయాడు. నాలుగు రోజులుగా వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది కాబట్టి గొయ్యి పొడిగా ఉంది. అయినవాళ్ళు ఎవరైనా ఉప్పు పొయ్యాలి. తల్లికి చూపు లేదు. పెద్దలు అటూ ఇటూ చూస్తుంటే వరమ్మ ఇంటికి వెళ్ళి, ఉప్పు దాచుకునే పెద్దకుండ చంకన పెట్టుకుని వచ్చింది. గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని గుప్పెళ్ళతో పోసింది. గుప్పెళ్ళు చాలక కుండ వొంచింది. అడుగున అంటుకున్నది గోళ్ళతో గీకి మరీ పోసింది. గీకుతూ బావురుమంది. అహరోను పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. ఎవరి కోసం ఏడ్చిందో నేను అడగలేదు. ఆ గోతికి పక్కనే అహరోనుది ఉంది.

సాయంత్రం ఆమె చారు కాచింది. సలోమి గిన్నె అందుకుని ఒక గుక్క తాగి ఆగింది.

"ఉప్పు వెయ్యలేదేమే?"

"ఇంట్లో లేదత్తా. ఉన్నదంతా బావగారికే పోసేశాను."

నేను లేచాను, కంత అవతల మా ఇంట్లో ఉప్పు ఉంది. వరమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"వద్దండి. ఈ పూటకి మేమిద్దరం ఇలాగే తాగుతాం" అని, తన గిన్నెలో కూడా పోసుకుంది.